ఖాళీ బండికి గీసిన గీత

నా బతుకులో నలుగురు మనుషుల్ని రక్తం వచ్చేట్టు కొట్టాను. నలుగురినీ లారీ లైట్ల విషయంలోనే కొట్టాను. గెట్టు తగాదా లేదు, తాగుడు లేదు, పాత పగ లేదు. ఎదురుగా బండి వస్తున్నప్పుడు లైటు దించని డ్రైవరు నా దృష్టిలో కత్తి దూసుకుని మీదికొచ్చేవాడితో సమానం. కత్తివాడికైనా మన మీద కోపం ఉంటుంది. వీడికి ఆ కోపం కూడా ఉండదు, ఊరికే చంపేసి పోతాడు. మొదటి ముగ్గురిని కొట్టినందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు. నాలుగోవాడి కోసమే ఇది రాస్తున్నాను.

మొదటివాడి సంగతి చెబితే మిగతా ఇద్దరి సంగతీ చెప్పినట్టే. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. బెల్లం లోడుతో మొగిలి ఘాటు దిగుతున్నాను. కిందినుంచి ఒక లారీ ఫుల్ లైట్లతో ఎక్కి వస్తోంది. నేను దించాను. వాడు దించలేదు. మూడుసార్లు ఎత్తి దించి చూపించాను. వాడు దించలేదు. మలుపులో నాకు రోడ్డు కనిపించక ఎడమ చక్రం అంచు మీదికి పోయింది. కింద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వింటూ బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగాక నేను నా దారిన పోలేదు. వెడల్పు చోటు చూసి బండి తిప్పి, లోడుతోనే మళ్ళీ ఘాటు ఎక్కి, టీ అంగడి దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. చక్రాల బోల్టులు విప్పే స్పానరుతో ముందు వాడి లైట్లు రెండూ పగలగొట్టాను. తర్వాత వాడి ముక్కు పగలగొట్టాను. అక్కడ పదిమంది డ్రైవర్లు ఉన్నారు. సంగతి విన్నాక ఒక్కడూ అడ్డం రాలేదు. ఒక పెద్దాయన మాత్రం గ్లాసు కింద పెట్టి, "సాలప్పా, ముక్కు పోయింది గదా. కండ్లు ఉండనీ, వాడు బండి తోలాల," అన్నాడు.

ఆ రోజుల్లో లైటు గాజుకి పైన సగం నల్లరంగు పూసేవాళ్ళం. రంగు లేనివాడు తారు పూసేవాడు. పోలీసులు బండి ఆపి ఆ నలుపు ఉందా లేదా చూసేవాళ్ళు. పైకి పోయే వెలుగు ఎదుటివాడి కంట్లో పడుతుందని ప్రతి క్లీనరుకూ తెలుసు. ఇప్పుడు ఆరు వరుసల రోడ్లు వేశారు. కారులో చల్లగా కూర్చున్న చదువుకున్నవాడికి లైటు దించే మీట ఏ చేతి కింద ఉంటుందో తెలియదు. మోటారుసైకిలుకి నాలుగు తెల్లలైట్లు కట్టుకుని తిరిగే మొనగాళ్ళు పుట్టుకొచ్చారు. ఇదేమిటని ఎవడైనా అడిగాడా? నల్లరంగుని మాత్రం మరిచిపోయారు, దాని బదులు ఏమీ నేర్చుకోలేదు.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. తర్వాత మైలురాళ్ళు చదివాను, లారీల వెనక రాతలు చదివాను. చిత్తూరులో పాత కాగితాల అంగడిలో అట్ట చిరిగిన వైరింగు పుస్తకం దొరికితే, దాన్ని సీటు కింద పెట్టుకుని పన్నెండేళ్ళు చదివాను. నా బండికి మెకానిక్కు నేనే, కరెంటు పనివాణ్ణీ నేనే. నా బండి మీద ఇంకొకడి చెయ్యి పడనివ్వను.

మూడేళ్ళ కిందట మామిడి సీజను మొదట్లో ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, బంగారుపాళ్యం దాటి వస్తున్నాను. నా బండికి ఉన్నవి పాత చదరపు లైట్లు. ప్లాస్టిక్ అద్దాలు పసుపెక్కిపోయాయి, లోపల బల్బు వెలుగుని ముందుకి తోసే మెరుగుగిన్నె మసకబారింది. పది గజాల అవతల ఏముందో దేవుడికే తెలియాలి. మేకలు రోడ్డు దాటుతున్నాయని నాకు తెలిసింది వాటిలో రెండు చక్రాల కింద పడ్డాకే. వాటిని తోలుకొస్తున్న ఆడమనిషి కొంగు నా బంపరుకి చిక్కుకుంది. ఒక జానెడు తేడా. ఆమె నన్ను తిట్టలేదు. కొంగు విడిపించుకుని, పేగులు బయటపడిన మేకపిల్ల పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ మేకపిల్ల ఇంకా చావలేదు. నేనే రాయి తీసుకుని దాని బాధ ముగించాను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నా భార్య అన్నం పెట్టకుండా ఎదురుగా కూర్చుంది.

"బండి అమ్మేయ్," అంది.

"నా కండ్లు బాగానే ఉండాయి. డాక్టరు గూడా సెప్పినాడు. లైట్లే గుడ్డివి."

"అయితే లైట్లు మార్చు. ఇంగొక్క పేణానికి దెబ్బ తగిల్నట్టు ఇన్నానంటే బండి ఉండదు. నువ్వు అమ్మకపోతే నేనే అమ్ముతా."

"అమ్మేసి నేనేం సెయ్యాల?"

"ఇంట్లో కూసోని నన్ను తిట్టుకుంటా ఉండు. ఇప్పుడైతే రోడ్డు మీద జనాన్నంతా తిట్టాల్సి వస్తాంది, జాస్తి పని నీకు."

నవ్వుతూ అనలేదు ఆ మాట. ఆమె అన్నదంటే చేస్తుంది. లైట్లు బాగుపడితే స్టీరింగు నాది, లేకపోతే అరుగు నాది. యాభై ఏళ్ళు కూర్చున్న సీటు అది.

చిత్తూరులో లైట్లు అమ్మే అంగడికి పోయాను. అంగడివాడు తెల్లగా మండే బల్బు తీసి, "పాత గిన్నెలోనే ఏసేయండి పెద్దాయనా, పగల్లాగా ఉంటాది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ గిన్నె చేసింది చిన్న బల్బు కోసం. అందులో ఇంత పెద్ద మంట పెడితే వెలుగు ఒక దారిన పోదు, చెదిరి చెట్ల మీదికీ మనుషుల కళ్ళలోకీ కొడుతుంది. "నీకు రోజుకి ఎంతమందిని సంపాలని ఉందిరా?" అని అడిగి, ఆ బల్బు పెట్టెని వాడి గల్లా మీదికి విసిరి వచ్చాను.

నాకు కావలసింది ప్రొజెక్టరు. అది గిన్నె కాదు. ముందు సగం కోసిన నిమ్మకాయంత గాజుబుడ్డ ఉంటుంది. దాని వెనక ఒక చిన్న రేకు అడ్డం నిలబడి ఉంటుంది. పైకి పోవలసిన వెలుగుని ఆ రేకు నరికేస్తుంది. గోడ మీద వేసి చూస్తే కత్తితో కోసినట్టు గీత: గీతకి కింద పగలు, పైన చీకటి. మా కాలపు నల్లరంగు చేసిన పనే ఇది, వెయ్యి రెట్లు బాగా చేస్తుంది. ఫోనులో తమిళం వీడియోలూ హిందీ వీడియోలూ రెండు నెలలు చూశాను. భాష సగం అర్థం కాలేదు, చేతులు చేసే పని మొత్తం అర్థమయింది.

పాత ఇనుము అంగడిలో, ముందుభాగం నుజ్జయిన కారునుంచి రెండు ప్రొజెక్టర్లు విప్పుకొచ్చాను. ఆ కారు బానెట్టు మీద ఎండిన రక్తం ఉంది. దాని మీద మోకాలు పెట్టి బోల్టులు తిప్పాను. ఇంటికి తెచ్చి ఆత్రం కొద్దీ తిన్నగా లారీ బ్యాటరీలకి వైర్లు తగిలించాను. కారుది పన్నెండు వోల్టులు, లారీది ఇరవై నాలుగు. యాభై ఏళ్ళు బండి తోలినవాడు చేయవలసిన తప్పు కాదు. రెండు బల్బులూ నా మొహం ముందే పేలాయి. గడ్డంలో గాజుపెంకు దిగితే పట్టకారుతో పీక్కుని, ఇరవై నాలుగు వోల్టుల బల్బులు తెచ్చుకున్నాను. బ్యాటరీనుంచి వేరే లావు వైరు లాగి, స్విచ్చు మీద భారం పడకుండా మధ్యలో రిలే పెట్టి, ఫీజు పెట్టాను.

లారీ లైటుకి అద్దమూ డబ్బా కలిసి జిగురుతో అతికి ఉంటాయి. వేడి చేస్తేనే ఊడుతుంది. అంత వేడి సమానంగా ఎక్కడ దొరుకుతుంది? చిత్తూరులో నాకొక బేకరీ స్నేహితుడున్నాడు, నా ఈడువాడే. పొద్దున రొట్టెలు అయిపోయాక మధ్యాహ్నం ఆయన పొయ్యి చల్లారుతూ ఉంటుంది. నా లైట్లు రెండూ రేకుపళ్ళెంలో పెట్టి లోపలికి తోశాను.

"అరే అన్నా, ఇది దేంట్లో ముంచుకోని తినాల, చాయ్‌లోనా?" అన్నాడు.

"డీజిల్లో."

"నా బిస్కెట్లకి రబ్బరు కంపు పట్టిందనుకో, నిన్ను గూడా ఇందులోనే పెడతా చూడు."

మెత్తబడిన జిగురుని గరిటతో విప్పాను. పసుపెక్కిన అద్దాలని ఉప్పుకాగితంతో రుద్ది తెల్లగా చేశాను. గిన్నె వెనక బల్బు రంధ్రాన్ని ఆకురాయితో పెద్దది చేసి, ప్రొజెక్టరు కూర్చోబెట్టి, మళ్ళీ వేడి చేసి మూసేశాను. వేళ్ళు నాలుగుచోట్ల కాలాయి. ఆ నాలుగు రోజులూ నేను ఎవరినీ తిట్టలేదని నా భార్య ఇప్పటికీ చెబుతుంది.

ఇక గీత సరిచేయాలి. మా మామిడి లారీలవాళ్ళకి ఒక అలవాటుంది. గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర వరసలో పగలూ రాత్రీ కాచుకుంటాం కదా, లోడు దిగగానే ఆ పొడవాటి ప్రహరీ ముందు బండి నిలబెట్టి చిన్నాచితకా పనులన్నీ అక్కడే చేసుకుంటాం. నేనూ అంతే చేశాను. కాయ దించేసి, గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో బండి నిలిపి, నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, లైటు ఎత్తుకి రెండంగుళాలు కిందగా గోడ మీద సున్నంతో గీత గీశాను. రెండు లైట్లనీ ఆ గీత మీదికి దించి స్క్రూలు బిగించాను. వెంట్రుకవాసి తేడా లేదు. చుట్టూ నిలబడ్డ డ్రైవర్లకి అరగంట పాఠం చెప్పాను. లైటు దించనివాణ్ణి ఏం చేయాలో కూడా చెప్పాను.

మరుసటి రోజు కార్వేటినగరం అవతలి తోటలో తోతాపురి మామిడికాయ ఎక్కించుకున్నాను. తోటలో కొమ్మలు కిందికి వాలి ఉండటంతో బండి లోపలికి పోలేదు. కూలీలు వెనకనుంచే ఎక్కించి, సగానికి పైగా కాయ వెనకవైపే పోశారు. బయలుదేరేటప్పటికి చీకటి పడింది. లైటు వేశాను. ఏం వెలుగు! రోడ్డు పక్క చింతచెట్ల చిటారుకొమ్మల్లో ఆకులు ఒక్కొక్కటీ కనిపించాయి. కరెంటు స్తంభాల మీద పింగాణీ బుడ్లు మెరిశాయి. నా చేతి పని చూసుకుని మురిసిపోయాను. వెలుగు చెట్ల మీద ఎందుకుందని ఆ మూఢుడికి తోచలేదు. ఆ మూఢుణ్ణి నేనే.

ఎదురొచ్చే ప్రతివాడూ లైటు ఎత్తి దించాడు. ఒక బస్సు డ్రైవరు తల బయటపెట్టి బూతు తిట్టాడు. నేను దించే ఉన్నాను! డిమ్ములోనే ఉన్నాను! కొత్త లైటు చూసి కడుపుమంట అనుకుని, నేనూ తిరిగి అంతకంటే పెద్ద బూతు తిట్టాను. నాలుగు కిలోమీటర్లలో ఆరుగురిని తిట్టాను.

ఏడోవాడు మోటారుసైకిలు మీద వచ్చాడు. లైటు కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, హారను కొట్టాడు. "దించే ఉండాను కదరా!" అని లోపల అరుస్తూనే ఉన్నాను. ఆ బండి నా కుడిపక్కకి రావలసింది. అడ్డంగా నా ముందునుంచి ఎడమకి కోసుకుపోయి కల్వర్టు గోడకి తగిలింది. పాలక్యాన్లు రోడ్డు మీద దొర్లిన చప్పుడు. తర్వాత మనిషి కేక.

బండి ఆపాను. క్యాబిన్‌నుంచి దిగేలోపే ఆ మనిషి లేచి వచ్చేశాడు. నలభై ఏళ్ళుంటాయి. బట్టలనిండా పాలు, పాలల్లో రక్తం. ఎడమ చెయ్యి భుజంనుంచి వేలాడుతోంది. కుడిచేతిలో రాయి. ఒక్క దెబ్బకి నా కుడి లైటు పగలగొట్టాడు. నాలుగు రోజులు వేళ్ళు కాల్చుకున్న లైటు. స్పానరు నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. కానీ ఎక్కడ కొట్టానో తెలుసు. ఆ వేలాడుతున్న భుజం మీదే కొట్టాను. విరిగి ఉందని కళ్ళారా చూసి, అందుకే అక్కడ కొట్టాను. అతను కేక కూడా పెట్టలేకపోయాడు. నోరు తెరిచి అట్లాగే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

పక్క ఊరినుంచి జనం వచ్చారు. ట్రాక్టరు దిగి నలుగురు, ఇళ్ళలోనుంచి పదిమంది. స్పానరు లాక్కుని నా నెత్తి మీదే వేశారు. కిందపడ్డాక కాళ్ళతో తన్నారు. ఒక పన్ను నాలుక మీదికి వచ్చింది, ఉమ్మేశాను. నా వయసు చూసి ఎవడూ ఆగలేదు. ఆగాలని నేనూ అనడం లేదు.

ఆపింది అతనే. నేలమీద కూర్చునే అరిచాడు. "సంపొద్దండి వాణ్ణి! ముందు సూపించండి! నేను సూసింది వాడికీ సూపించండి!"

ఇద్దరు నన్ను రోడ్డు మీద ఈడ్చుకుపోయి, మోటారుసైకిలు వచ్చిన చోట కూర్చోబెట్టారు. మూడోవాడు జుట్టు పట్టి నా మొహం లారీవైపు తిప్పాడు. ఇంకొకడు క్యాబిన్ ఎక్కి మిగిలిన ఒక్క లైటు వేశాడు.

కళ్ళలో సున్నం కొట్టినట్టయింది. లారీ లేదు, రోడ్డు లేదు, నన్ను పట్టుకున్నవాళ్ళు లేరు. తెల్లగా ఒక నొప్పి మాత్రం ఉంది. రెప్పలు మూసుకున్నా లోపలికి వస్తోంది.

"డిమ్మెయ్యండి రా!" అని అరిచాను. "వాడు ఫుల్లు ఏసినాడు! డిమ్ము ఏరే ఉండాది!"

క్యాబిన్‌లోవాడు తల బయటపెట్టాడు. "ఇది డిమ్మే రా ముసలోడా! ఫుల్లు ఏసేదా? ఏస్తే నీ పుర్రెలో మెదడు గూడా కనబడతాది!"

"గోడ మీద గీత గీసి పెట్టినా! రెండంగుళాలు కిందికి పెట్టినా!"

"ఏ గోడ? నీ సమాధి గోడా?"

అందరూ నవ్వారు. ఇంకో దెబ్బ పడింది. నేను ఇంకా గీత గురించే మాట్లాడుతున్నాను.

అంబులెన్సు వస్తే ఇద్దరినీ అందులోనే వేశారు. చిత్తూరు పెద్దాసుపత్రిలో పక్కపక్క మంచాలు. నా నెత్తికి పదకొండు కుట్లు. అతనికి భుజం ఎముక రెండుచోట్ల విరిగింది. ఒకటి కల్వర్టు విరిచింది, ఒకటి నేను విరిచాను. డాక్టరు అట్లా విడదీసి చెప్పలేదు. నాకు తెలుసు.

తెల్లవారాక నా భార్య వచ్చింది. నా మంచం దగ్గరికి రాలేదు. అతని దగ్గరికి పోయి నిలబడింది. అతను పాలకేంద్రానికి పాలు మోసే మనిషని, ఇంట్లో మూడు ఆవులున్నాయని, భార్య ఒక్కతే పాలు పితుక్కుంటోందని అడిగి తెలుసుకుంది.

"నాయనా, నువ్వు సెప్పు," అంది. "బండి అమ్మేయమంటే ఈ రోజే అమ్మిస్తా. నువ్వు ఏం సెప్తే అది."

అతను నావైపు తల తిప్పాడు. "ఓ ముసలాయనా, ఆ గీత గీసినప్పుడు బండి ఖాళీదా, లోడుదా?"

"ఖాళీది. ఫ్యాక్టరీలో కాయ దించినాంక."

అతను నవ్వబోయి భుజం నొప్పికి ఆగిపోయాడు. "నా బండికి ఎనకాల రెండు క్యాన్లు నిండా పాలు కట్టినానంటే లైటు నచ్చత్రాలు సూస్తాది. అందుకే క్యాన్లు నిండినాంకనే లైటు దించుకుంటా. పది టన్నులు ఎనకాల ఏసుకోని నీ బండి ముక్కు యాడికి సూస్తాదనుకున్నావు? యాభై ఏండ్లు తోలినావంట గదా. ఏం తోలినావు, గాడిదల్నా?"

 బరువుకి వెనక స్ప్రింగు కమ్మీలు కుంగితే బండి ముందుభాగం లేస్తుందని నాకు తెలియదా? నా పాత లైట్లకి అసలు వెలుగే లేదు, అంచు లేదు. ముక్కు లేచినా దించినా వాటికి ఒకటే. యాభై ఏళ్ళూ అట్లాంటి గుడ్డి లైట్లే నా తప్పుని దాచిపెట్టాయి. అంచు ఉన్న వెలుగు వచ్చేసరికి అది బయటపడింది. ఖాళీ బండికి గీసిన గీత లోడు బండికి పనికిరాదు. ఆరుగురు చెబితే ఆరుగురినీ తిట్టాను.

పోలీసు వచ్చి కేసు రాసుకుంటానన్నాడు. అతను, "ఈయన లైట్లు సరి సేయనీ సారూ. అప్పుడు సెప్తా కేసా కాదా, బండి అమ్మాల్నా వద్దా," అన్నాడు. నా భార్య రోజూ ఇద్దరికీ అన్నం తెచ్చింది. ముందు అతనికి పెట్టేది.

పగిలిన లైటు మళ్ళీ కట్టడానికి పదిహేను రోజులు పట్టింది. ఈసారి లైట్లని కదలని బోల్టులతో బిగించలేదు. కింద మడతబందు పెట్టి, సైకిలు బ్రేకు వైరు ఒకటి క్యాబిన్‌లోకి లాగి మీటకి కట్టాను. ఖాళీగా ఉంటే ఒక గాడి, లోడు ఉంటే ఇంకొక గాడి. రెండో గాడి ఎక్కడ కోయాలో గోడని అడగలేదు. కాయ దించకముందే, బండి నిండుగా ఉన్నప్పుడే, ఫ్యాక్టరీ ముందు రోడ్డు మీద నిలిపాను. పొద్దుగూకే వేళ అతను తన బావమరిది బండి వెనక కూర్చుని వచ్చాడు. భుజానికి కట్టు ఉంది. డ్రైవర్లంతా చుట్టూ చేరారు.

నూరు గజాల అవతల బండి మీద కూర్చుని కేక వేశాడు. "దించు!"

వైరు లాగాను.

"ఇంగా దించు. నీ పొగరు ఇంగా పైనే ఉండాది."

లాగాను. డ్రైవర్లు నవ్వుతున్నారు. నవ్వనీ.

"ఇంగొంచెం... ఆ. ఆగు. గమ్మునుండు, ముట్టొద్దు."

బావమరిది బండి నడిపాడు. నా మీదికి వచ్చి, నా పక్కనుంచి దాటి, మళ్ళీ తిరిగి, మళ్ళీ వచ్చారు. మూడుసార్లు. నా భార్య ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉంది. నేను స్టీరింగు వదలలేదు. 

చివరికి క్యాబిన్ కింద ఆగి, తల పైకెత్తాడు. "రోడ్డు కనబడతాంది. నువ్వు గూడా కనబడతాండావు, ఆ సీట్లో, కోతి మాదిరిగా." తర్వాత నా భార్యవైపు తిరిగి, "తోలుకోనీమ్మా," అన్నాడు.

ఆకురాయి తీసుకుని రెండో గాడి అక్కడే కోశాను.

బండి ఇప్పటికీ నేనే తోలుతున్నాను. లోడుతో ఆ రోడ్డున పోయినప్పుడు చాలాసార్లు అతను ఎదురొస్తాడు, వెనక రెండు క్యాన్లతో. నేను వైరు లాగుతాను. అతను తన లైటు దించుతాడు. ఎదురుపడ్డ డ్రైవర్లు ఎడమ చెయ్యి ఎత్తి పలకరించుకోవడం మా దారిలో మామూలు. అతను ఎత్తడు. ఆ చేత్తో హ్యాండిలు పట్టుకోగలడు గానీ, భుజం దాటి పైకి లేపలేడు.